నేను పదికి పది ఇచ్చిన నిశ్శబ్దం

ప్రతి ఇంట్లోనూ అర్థంకాని పాటలు గోడలదిరేలా పెట్టే కోడలు ఒకరు ఉండి తీరాలి! లేనివాళ్ళు ఆలస్యం చెయ్యకుండా ఏర్పాటు చేసుకోవాలి. ఉన్నవాళ్ళు రోజూ దేవుడికి ఒక నమస్కారం ఎక్కువ పెట్టుకోవాలి.

నవ్వకండి. నేను ఉత్తుత్తి మాటలు చెప్పే మనిషిని కాను. తెల్లారగానే స్నానం చేసి, దీపం పెట్టి, గంట కొట్టి, నూట ఎనిమిది నామాలూ చదివితే గాని కాఫీ ముట్టనివాణ్ణి. కాఫీ విషయంలోనే అంత నిష్ఠగా ఉండే మనిషి ఆల్బమ్‌ల విషయంలో అబద్ధం ఆడతాడా?

మా కోడలు వారమంతా ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. శని, ఆదివారాలు ఆల్బమ్‌లు వింటుంది. దాని కోసం తన జీతంతో రెండు నల్లటి స్పీకర్లు కొనుక్కుంది. ఒక్కొక్కటీ చిన్న బీరువా అంత ఉంటుంది. మావాడు వాటిని వీపు మీద పెట్టుకుని మూడంతస్తుల మెట్లు ఎక్కిన రోజునే, ఈ ఇంట్లో ఇక మీదట ఎవరి మాట చెల్లుతుందో నాకు అర్థమైపోయింది.

హిప్ హాప్, జాజ్, ఎక్స్‌పెరిమెంటల్ రాక్. ఈ మూడు తప్ప ఆమె నాలుగోది వినదు. వినడానికి నియమాలున్నాయి. ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినాలి. మధ్యలో లేవకూడదు. ఫోను చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మూడుసార్లు విన్నాకే అభిప్రాయం చెప్పాలి. అప్పుడు దాని మీద నాలుగు పేరాలు రాసి, పదికి ఇన్ని మార్కులని వేసి, తన పేజీలో పెడుతుంది. చదివేవాళ్ళు నాలుగు వేలమంది ఉన్నారట! ముప్పై నాలుగేళ్ళు ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేశాను, నేను అచ్చువేసిన ఏ కరపత్రాన్నీ నలభైమంది చివరిదాకా చదివినట్టు దాఖలా లేదు.

ఆ నియమాలు విన్నప్పుడు నాలో నేను చిన్న ప్రశ్న వేసుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా, మనసు పక్కకి పోకుండా! నా నూట ఎనిమిది నామాల్లో నలభయ్యో నామం దగ్గర రోజూ గ్యాస్ సిలిండర్ గుర్తొస్తుంది. అరవయ్యో నామం దగ్గర కరెంటు బిల్లు. స్వామికి తెలుసు, పాపం ఏమీ అనడు. మరి మా ఇంట్లో అసలైన భక్తులు ఎవరు?

సరే, ఇప్పుడు లోకం సంగతి చెబుతాను. ఈ మధ్య మనుషులు స్పష్టంగా మాట్లాడటం మానేశారు, గమనించారా? టీవీలో వార్తలు చదివే అమ్మాయి సగం మాటలు మింగేస్తుంది. మందుల షాపతను పళ్ళు బిగబట్టి మాట్లాడతాడు. ఫోన్ చేసినవాళ్ళు దుప్పట్లో దూరి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చివరికి మా కిటికీ దగ్గర పిచ్చుకలు కూడా అరవడం మానేశాయి! ముక్కులు తెరిచి మూస్తాయి, అంతే. సెల్ టవర్ల వల్లనని ఎక్కడో చదివి, ఆ టవర్లవాళ్ళని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి.

వస్తువుల్లోనూ నాణ్యత లేదు. దేవుడి దగ్గర గంట ఉండేది, మా పెళ్ళినాటిది. రెండేళ్ళ కిందట దాని చప్పుడు మందగించింది. కొత్తది కొన్నాను. అదీ అంతే. మూడోది మా ఊళ్ళో బడిగంట అంతది తెచ్చాను. అది కొడితే కొంచెం తృప్తిగా ఉండేది. పక్కింటాయన, ఆయన డ్రైవింగ్ నేర్పిస్తాడు, ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "బావగారూ, మీ దేవుడికి మీరంటే భయమా, భక్తా?" అన్నాడు. ఎంతో పెద్దగా చెప్పాడు గనక ఆ మాట నాకు చక్కగా అర్థమైంది. డ్రైవింగ్ నేర్పేవాళ్ళు స్పష్టంగా మాట్లాడతారు!

ఇక మా ఆవిడ. ఒకప్పుడు ఆవిడ వంటింట్లో మాట్లాడితే వీధి మొగకి వినబడేది. ఇప్పుడు పెదవులు కదుపుతుంది, మాట బయటికి రాదు. రోజూ సాయంత్రం ఆరింటికి పనంతా చేసుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని ఏదో చెబుతుంది. నేను తల ఊపి "మంచిది" అంటాను. పెద్దమనిషి తరహాగా ఉంటుందని. "కాస్త గట్టిగా చెప్పవే" అన్న రోజున మాత్రం ఆవిడ నావైపు తిరిగి, "ఏం లేదులెండి!" అని లేచి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క మాటా ఎంత స్పష్టంగా చెబుతుందో!

రాను రాను అది కూడా తగ్గిపోయింది. మా మధ్య రోజుకి పది మాటలు నడిస్తే గొప్ప. ఇల్లు ప్రశాంతంగా ఉందని నా స్నేహితుల దగ్గర చెప్పుకునేవాణ్ణి. వాళ్ళు అసూయపడేవాళ్ళు.

మావాడు ఊరుకోడు కదా. "నాన్నా, ఒకసారి చెవి డాక్టరుకి చూపిద్దాం" అని పట్టుకున్నాడు.

నా చెవినా! ఆఫ్‌సెట్ మిషన్ పక్కన ముప్పై నాలుగేళ్ళు నిలబడ్డ చెవినా! మిషన్ చప్పుడులో వెంట్రుకవాసి తేడా వస్తే ఏ రోలరు అరిగిందో, ఎక్కడ నూనె ఆరిందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. మా ఓనరుగారు నలుగురి ముందూ, "నీ చెవి ఉండగా నాకు మెకానిక్ ఎందుకయ్యా!" అనేవారు. నా జీవితంలో నాకు దొరికిన సన్మానం అదొక్కటే. ఇప్పుడు డాక్టరు దగ్గర కూర్చుంటే ఆ మాట అబద్ధమైపోదూ?

విచిత్రమేమిటంటే మా ఆవిడ కూడా నా పక్షమే మాట్లాడింది. "ఆయన చెవులకేం కాలేదురా," అంది, ఈసారి అందరికీ వినబడేలా. "వీధిలో లారీ ఆగితే వినబడుతుంది. పక్కింటాయన గేటు తీస్తే వినబడుతుంది. నేను పక్కన కూర్చుని చెప్పేదొక్కటే వినబడదు. వినబడక కాదు, వినాలని లేక!"

చూశారా, ఎంత చక్కటి సాక్ష్యం! నేను విజయగర్వంతో మావాడి వైపు చూశాను. చివరి వాక్యంలో నన్నే తిట్టిందన్న సంగతి ఆ ఉత్సాహంలో పట్టించుకోలేదు.

అలాంటి రోజుల్లో, ఒక ఆదివారం, మా కోడలు ముందుగదిలో హిప్ హాప్ ఆల్బమ్ పెట్టింది. నేను పేపరు చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి నా కుర్చీ కింద నేల దడదడలాడింది. అరికాళ్ళలోంచి మోకాళ్ళలోకి, అక్కణ్ణుంచి వెన్నులోకి పాకింది ఆ దరువు. అచ్చం మా మిషన్ ఫుల్ రన్నింగులో ఉన్నట్టే! నాలుగేళ్ళయింది నేను ఆ అదురు అనుభవించి. పేపరు పక్కన పడేసి స్పీకరు దగ్గరకి కుర్చీ జరుపుకున్నాను.

"మావయ్యగారూ, సౌండు తగ్గించమంటారా?" అని మా కోడలు కంగారుగా లేచింది.

"తగ్గిస్తే ఊరుకోను" అన్నాను.

అలా మొదలైంది నా విద్వత్తు. నియమం ప్రకారం మూడు ఆదివారాలు విన్నాను. ఆల్బమ్ పేరు నా నోరు తిరగలేదు. అట్ట మీద ఖాళీ కుర్చీ బొమ్మ ఉంది గనక ఖాళీ కుర్చీ ఆల్బమ్ అందాం. మూడోసారి అయ్యాక మా కోడలు నోట్‌బుక్ తీసి, "చెప్పండి, మీ అభిప్రాయం" అంది. పాతికేళ్ళ పిల్ల, అరవై నాలుగేళ్ళ మామగారి అభిప్రాయం అడిగి, పెన్ను పట్టుకుని రాసుకోవడం! ఇది ఏ కాలంలో ఎవరికి జరిగింది చెప్పండి? ఇంట్లో పప్పులో ఉప్పు సరిపోయిందా అని కూడా నన్నెవరూ అడగరు.

నేను గొంతు సవరించుకున్నాను. "అబ్బాయికి ఊపిరి బాగా ఉంది. మిషన్ బాగా తిరుగుతోంది. రోలర్లు కొత్తవి. మాట మాత్రం వీడూ మింగేస్తున్నాడు, అది ఈ కాలం జబ్బు. ఇంకొకటి, ఐదో పాటలో ఎవరో పిల్లనగ్రోవి వాయించారని అట్ట మీద పేరు వేశారు. ఆయన ఆ రోజు రానట్టుంది. పనికి రానివాడి పేరు అచ్చువెయ్యడం మా ప్రెస్‌లో అయితే జరిగేది కాదు. పదికి ఎనిమిది."

మా కోడలు రాస్తూ రాస్తూ ఆగింది. ఒక్క క్షణం నావైపు చూసింది. మళ్ళీ రాసుకుంది.

ఆ అభిప్రాయం ఆమె పేజీలో "మావయ్యగారి మాట" అని వచ్చింది. పాఠకులు ఎగబడ్డారు! "ఆ పిల్లనగ్రోవి వట్టి దండగని ఇంత సున్నితంగా ఎవరూ చెప్పలేదు" అని ఒకరు రాశారు. "లేనట్టే ఉందని చెప్పడం ఎంత గొప్ప విమర్శ!" అని ఇంకొకరు. నేను చెప్పింది అది కాదు. ఆయన రాలేదని మాత్రమే చెప్పాను. కానీ మెచ్చుకుంటుంటే అడ్డుపడటం మర్యాద కాదు కదా?

తర్వాత జాజ్. అట్ట మీద తడిసిన గొడుగు బొమ్మ. నలుగురు వాయిస్తారు. అందులో నాకు నచ్చింది వాళ్ళ క్రమశిక్షణ. ఒకాయన తన కష్టసుఖాలు చెప్పుకుంటుంటే మిగతా ముగ్గురూ ఒదిగి ఉంటారు. ఆయనది అయ్యాక ఇంకొకాయన అందుకుంటాడు. మా ఇంట్లోనూ నలుగురం ఉన్నాం. ఒకరు మాట్లాడుతుండగా ముగ్గురు ఆగిన రోజు ఒక్కటి చూపించండి!

అన్నిటికన్నా గొప్ప సంగతి మూడో పాటలో ఉంది. పియానో ఆయన ఆగిపోతాడు. ఆ తర్వాత... ఏమీ ఉండదు. నేను వేళ్ళు మడిచి నలభై దాకా లెక్కపెట్టాను. నలభై అంకెల నిశ్శబ్దం! అప్పుడు ఎక్కడో లోతు నుంచి పెద్ద తంబురా లాంటిది 'బుమ్' అంటుంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆల్బమ్ అయ్యాక ఆ నిశ్శబ్దం సంగతి చెప్పి, ఆ పాట మళ్ళీ పెట్టించాను.

"మావయ్యగారూ, నిశ్శబ్దమా? ఎక్కడ?" అంది మా కోడలు.

"అదిగో! ఇదే! ఇప్పుడు నడుస్తోంది చూడు!" అన్నాను, వేలు పైకెత్తి.

ఆమె స్పీకర్ల వైపు చూసింది, నావైపు చూసింది. పెన్ను మూత పెట్టి మళ్ళీ తీసింది. రెండో ఆదివారమూ, మూడో ఆదివారమూ సరిగ్గా అక్కడే నేను వేలెత్తాను. నా చెవి తప్పదు మరి!

ఆ నిశ్శబ్దానికి తొమ్మిదిన్నర ఇచ్చాను. ఈసారి పాఠకులు కొట్టుకున్నంత పనిచేశారు. "ఇరవై ఏళ్ళుగా వింటున్నాను, అక్కడ నిశ్శబ్దం ఉందని నాకు తోచనేలేదు, సిగ్గుపడుతున్నాను" అని ఒక పెద్దమనిషి ఒప్పుకున్నాడు. ఇంకొకరు, "ఈయనది మామూలు చెవి కాదు" అని రాశారు. ఆ ముక్కని మావాడికి చదివి వినిపించాను. "చూశావురా? నాలుగు వేలమంది చెబుతున్నారు. డాక్టరంట, డాక్టరు!"

మావాడు ఏదో గొణిగాడు. వాడిదీ ఈ కాలం జబ్బే.

మూడోది ఎక్స్‌పెరిమెంటల్ రాక్. దాని గురించి ముందే చెబుతాను, భయపడకండి. మీ ఇంటికి కరెంటు పనిచేసే అతను వచ్చి, గోడకి చిల్లులు పొడిచి, వైర్లు లాగి, సుత్తి కింద పడేసుకుని, సాయంత్రం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడనుకోండి. ఆ అనుభవాన్ని రికార్డు చేసి పన్నెండు ముక్కలు చేస్తే అది ఎక్స్‌పెరిమెంటల్ రాక్. దీన్ని శ్రద్ధగా వినేవాళ్ళు కరెంటతను నిజంగా వచ్చినప్పుడు విసుక్కోరు. ఓర్పు పెరుగుతుంది. ఇంతకన్నా సాధన ఏముంది?

ఆ ఆల్బమ్ మా కోడలికీ కొత్తే. తెల్లటి అట్ట, మధ్యలో ఒక సూది బొమ్మ. ఆదివారం నాలుగింటికి పెట్టింది. ఆ రోజు అందరం ముందుగదిలోనే ఉన్నాం. మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. మావాడు సోఫాలో వాలాడు. పక్కింటాయన తీసుకెళ్ళిన మడతనిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నాడు.

పదకొండు పాటలూ సుత్తి, చిల్లులు, వైర్లు. పన్నెండోది మొదలైంది.

ఏం చెప్పమంటారు! ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. అంత ప్రశాంతత నేను పూజలో కూడా ఎరగను. మనసులో నామాలు వాటంతట అవే మొదలయ్యాయి. నలభయ్యోది దాటింది, సిలిండర్ రాలేదు! అరవయ్యోది దాటింది, బిల్లు రాలేదు! జీవితంలో మొదటిసారి నూట ఎనిమిదీ పూర్తిచేసి, కళ్ళనిండా నీళ్ళతో కళ్ళు తెరిచాను.

మా ఆవిడ రెండు అరచేతులతో చెవులు మూసుకుని ఉంది. మడతపెట్టిన బట్టలు కింద పడి ఉన్నాయి. మావాడు సోఫా దిండు తలకి చుట్టుకున్నాడు. పక్కింటాయన లేడు, గుమ్మంలో నిచ్చెన మాత్రం అడ్డంగా పడి ఉంది. ఎదురింటివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కిటికీలు మూసుకుంటున్నారు.

మా కోడలు మాత్రం చెవులు మూసుకోలేదు. చూపు తిప్పకుండా నన్నే చూస్తోంది.

"ఆహా!" అన్నాను. "ఏం శాంతి! ఏం నిశ్శబ్దం! మూడుసార్లు అక్కర్లేదమ్మా, ఇప్పుడే ఇచ్చేస్తున్నాను. పదికి పది!"

మా కోడలు లేచి పాట ఆపింది. నా ఎదురుగా వచ్చి నేలమీద కూర్చుంది. ఒక్కో మాటా విడదీసి, నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

"మావయ్యగారూ, ఆరున్నర నిమిషాలు ఇక్కడ ఒక ఈల మోగింది. సన్నటి ఈల. కుక్కర్ ఈల దాని ముందు ఎందుకూ పనికిరాదు."

"పరాచికాలా?"

ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి, ఆ పాట ముక్క మళ్ళీ పెట్టింది. ఆ ఫోన్ తెర మీద ఉన్నది చప్పుడు ఎంత ఉందో చూపించే మీటరు. ముల్లు ఎర్రగీత దగ్గరకి వెళ్ళి గజగజ వణుకుతోంది. మా ఆవిడ చేతులు మళ్ళీ చెవుల మీదికి పోయాయి. నాకేమో గదిలో ఫ్యాను తిరుగుతున్న గాలి తప్ప ఏమీ లేదు.

మిషన్ మీద బతికినవాడు ఎవరితోనైనా వాదిస్తాడు గాని మీటరుతో వాదించడు. నేను ఫోను కింద పెట్టేశాను.

"ఖాళీ కుర్చీలో పిల్లనగ్రోవి ఆయన వచ్చాడు మావయ్యగారూ," అంది మా కోడలు మెత్తగా, కానీ పెద్దగా. "పాటంతా వాయించాడు. గొడుగు ఆల్బమ్‌లో మీరు వేలెత్తిన చోట నిశ్శబ్దం లేదు. కంచు తాళాల మీద కుంచెతో రుద్ది చప్పుడు తెస్తాడు ఒకాయన, ఆ ఆల్బమ్‌కి ప్రాణం అదే. అప్పుడే అనుమానం వచ్చింది నాకు. కానీ మూడుసార్లు వినకుండా అభిప్రాయం చెప్పకూడదు కదా? ఇది మూడోది."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీ చెవి ఉండగా నాకు మెకానిక్ ఎందుకయ్యా!

అప్పుడు మా ఆవిడ దగ్గరికి వచ్చింది. కోపంగా ఉందనుకున్నాను. ఆవిడ మొహంలో కోపం లేదు, అదే ఆశ్చర్యం.

"అయితే మీరు కావాలని కాదా?" అంది.

"ఏది?"

"నేను చెప్పింది విననట్టు ఉండటం. మూడేళ్ళుగా. నా మాటంటే లెక్కలేక అనుకున్నాను. నిజంగానే వినబడలేదా?"

నేను లేదన్నట్టు తల ఊపాను. ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత నవ్వింది. తర్వాత, "ఈ ముక్క మూడేళ్ళ కిందటే డాక్టరు దగ్గర తేల్చుకుంటే నాకు ఇంత ఏడుపు తప్పేది కదండీ, మొండి మనిషీ!" అని వీధి మొగకి వినబడేలా తిట్టింది. పాత గొంతు! ప్రతి అక్షరం వినబడింది. అంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

మర్నాడు చెవి డాక్టరు నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, అడిగిన మొదటి ప్రశ్న, "మిషన్ల దగ్గర పనిచేశారా?" లావు శబ్దాలు మిగిలాయట, సన్నటివి పోయాయట. లారీ అందుకే వినబడేది. నా చెవిని మెచ్చుకున్న ఆ మిషనే దాన్ని సన్నసన్నగా కొరుక్కుని తినేసింది. సన్మానం ఊరికే రాదు!

చెవులకి రెండు చిన్న మిషన్లు పెట్టారు. వేరుశనగ గింజంత ఉంటాయి.

ఇక్కణ్ణుంచి నా అసలు ఫిర్యాదు వినండి. లోకం ఎంత గోలగా ఉందండీ! పేపరు తిప్పితే రేకు చింపినట్టుంది. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే అది కీచుమంటుందట. నాలుగేళ్ళుగా అది నన్ను బతిమాలుతూనే ఉందన్నమాట! నేను కాఫీ తాగితే ఎంత చప్పుడవుతుందో నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? చెప్పే ఉంటారు. పిచ్చుకలు మానెయ్యలేదు. తెల్లారకముందే ఒకటే రభస. సెల్ టవర్లవాళ్ళకి ఈ కాలమ్ ద్వారా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

మొదటిరోజు పొద్దున అలవాటు ప్రకారం బడిగంట ఎత్తి కొట్టాను. ప్రాణం పోయింది! చేతిలోంచి గంట జారి పడింది. స్వామి వైపు చూశాను. ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉన్నాడు. ఇన్నాళ్ళూ రోజూ ఈ మోత చెవి పక్కనే పడుతుంటే ఆ చిరునవ్వు చెదరలేదు. ఓర్పు అంటే అదీ! గంట కొట్టేది ఆయన వినడం కోసమే అనుకుంటూ వచ్చాను. వినవలసింది ఎవరో ఇప్పుడు అనుమానంగా ఉంది. అటక మీంచి మా పెళ్ళినాటి గంట దించాను. రెండు వేళ్ళతో కదిపాను. చక్కగా మోగింది. దాని నాణ్యతకి ఏమీ కాలేదు.

గొడుగు ఆల్బమ్ మళ్ళీ విన్నాను. పియానో ఆగింది. నేను వేలెత్తిన చోటికి వచ్చింది. అక్కడ, కొత్త కాగితం రీము అంచుని బొటనవేలితో సవరిస్తే వస్తుందే, ఆ చప్పుడు. సరసరమని, మెత్తగా, ఆగి ఆగి. ప్రెస్‌లో చివరి మూడేళ్ళూ ఆ చప్పుడు రావడం లేదని, కాగితంలో నాణ్యత పడిపోయిందని ఓనరుగారితో పోట్లాడాను. ఆయన నావైపు ఒకలా చూసి తన పనిలో పడ్డారు. ఆయనకి కూడా ఒక క్షమాపణ.

నిశ్శబ్దానికి ఇచ్చిన మార్కులు వెనక్కి తీసుకుంటున్నానని పేజీలో రాయించాను. పాఠకులకి నచ్చలేదు. "పాత మావయ్యగారే మేలు" అని పోట్లాడుతున్నారు. "చెవులు వచ్చాక లోతు పోయింది" అని ఒకరు రాశారు. విమర్శకుడికి చెవులు ఉండటం ఇంత నష్టమని నాకు తెలియదు!

ఇక చెవి మిషన్లు పెట్టించుకున్న రోజు సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఆరింటికి మా ఆవిడ పని ముగించుకుని వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. నా చెవుల్లో మిషన్లున్న సంగతి మరిచిపోయిందో ఏమో, ఎప్పటిలాగే ఎదుటి గోడవైపు చూస్తూ, పైకి కూడా కాదు, ఊపిరితో అన్నట్టు అంది.

"మోకాళ్ళు లాగేస్తున్నాయండీ."

నా నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. 'మంచిది' అనడానికి!

మధ్యలో ఆగిపోయాను. మూడేళ్ళు. రోజూ ఆరింటికి. ఆవిడ మోకాళ్ళు లాగేస్తున్నాయంటోంది. నేను పెద్దమనిషి తరహాగా తల ఊపి, మంచిది అంటున్నాను!

"ఎప్పణ్ణుంచి?" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి చూసింది. "ఏం లేదులెండి" అంది.

"ఏం లేకపోవడమేమిటి? మొదటి నుంచి చెప్పు. వరసగా. నేను మధ్యలో లేవను."

ఆవిడ నా చెవివైపు ఒకసారి చూసి, మొదలుపెట్టింది. ఏడున్నర దాకా ఆపలేదు. మోకాళ్ళ నుంచి మొదలై, వంటింట్లో కదులుతున్న టైల్‌రాయి మీదుగా, మా అక్క ఎనిమిదేళ్ళ కిందట అన్న మాట దగ్గర కాసేపు ఆగి, బడిగంట దాకా వచ్చింది. కొన్ని చోట్ల, నిజం చెప్పాలంటే, చెవి మిషన్ తీసి జేబులో వేసుకుందామా అనిపించింది. వేసుకోలేదు. కాఫీ చల్లారిపోయింది. లేవలేదు. మోకాళ్ళ డాక్టరుకి మాత్రం అక్కడే కూర్చుని ఫోన్ చేయించాను. నియమానికి ఆ ఒక్క మినహాయింపు మా కోడలే ఇచ్చింది.

అందుకే అన్నాను, ప్రతి ఇంట్లోనూ అలాంటి కోడలు ఉండాలని. నా సంగతి సరే, నాకు మిషన్ వల్ల చెవులు పోయాయి. బాబూ, మీ చెవులు బాగానే ఉన్నాయి కదా? మరి పేపరు మీంచి తల ఎత్తకుండా 'మంచిది' అంటున్నారే, మీరు ఏ సాకు చెబుతారు?

చివర్న మా ఆవిడ ఊపిరి పీల్చుకుని, "ఇంతకీ ఏమంటారు?" అంది.

"ఇది మొదటిసారి వినడమే కదా," అన్నాను. "ఇంకా రెండుసార్లు వినాలి. అప్పుడు గాని అభిప్రాయం చెప్పకూడదు."

"చాల్లెండి సంబడం" అంది, అటు తిరిగి, చాలా మెల్లగా.

వినబడింది.